శామీర్‌పేట వైపు ద్రాక్ష తోట: ఎండ ఎక్కకముందే వెళ్లండి

ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో ఒకరు పందిరి కింద గుత్తి పట్టుకుని నిలబడ్డ ఫొటో పెడతారు, ఇక "ఎక్కడ, ఎంత దూరం" అని అందరూ మొదలుపెడతారు. ఈసారి మేమూ వెళ్లొచ్చాం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎగ్జిట్ 7 దగ్గర దిగి, శామీర్‌పేట దాటి కొంచెం లోపలికి వెళ్తే తోట వస్తుంది. టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లాలి, మన చేతులతో మనమే కోసుకోవాలి, బయటికొచ్చేటప్పుడు కాటా వేయించుకుని కిలోల లెక్కన డబ్బు కట్టాలి. పేరు మాత్రం రాయడం లేదు. నచ్చనివి కూడా చెప్పబోతున్నాను కాబట్టి, ఏడాదికి రెండు నెలల కాపు మీద బతికే రైతు నోట్లో మట్టి కొట్టడం నాకిష్టం లేదు. ఆ చుట్టుపక్కల తోటలన్నీ కాస్త అటూ ఇటూగా ఇలాగే నడుస్తాయని వెళ్లొచ్చిన వాళ్లు చెబుతున్నారు.

ముందు బాగున్నది. పందిరి కిందికి అడుగుపెట్టగానే బయటి ఎండకూ లోపలి చల్లదనానికీ ఎంత తేడానో ఒంటికి తెలుస్తుంది. తల పైన ఆకులు, ఆకుల సందుల్లోంచి నేల మీద పడే వెలుతురు చుక్కలు, కంటి ఎత్తులో గుత్తులు. మా ఆయన పొడుగు మనిషి, వంగే నడిచారు. పాపకు ఏడేళ్లు, దానికి అందవు, భుజాల మీద ఎక్కించుకుంటే ఇక కిందికి దిగనంది.

మాకు బుట్టా కత్తెరా ఇచ్చిన పెద్దమ్మ లేకపోతే మాత్రం మేం కోసిందంతా పులుపే అయ్యేది. నేను పెద్దగా, నిండుగా ఉన్న గుత్తికి కత్తెర పెట్టబోతుంటే ఆపింది. "కింది కొసకున్న పండు తిని చూడు బిడ్డా, అది తియ్యగుంటే మీదియన్నీ తియ్యగనే ఉంటయి" అంది. తిని చూస్తే పళ్లు పులిశాయి. అదే గుత్తి పైభాగంలో పండు తేనెలా ఉంది. గుత్తిలో పండడం పైనుంచి కిందికి వస్తుంది, కొస చివరగా తీపెక్కుతుంది, మనం సాధారణంగా చేతికి దొరికిన పై పండే రుచి చూసి మోసపోతాం. బజార్లో కొనేటప్పుడు కూడా ఇదే లెక్క. ఇన్నేళ్లుగా బండి దగ్గర నిలబడి పై పండే తుంపి తిన్నానని గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంది.

ఇంకో సంగతి, ద్రాక్ష కోశాక పండదు. మామిడికాయలా, అరటిగెలలా ఇంట్లో పెడితే మగ్గదు. చెట్టు మీద ఎంత తీపి ఉంటే అంతే. అందుకే పక్క వరుసలో కొందరు కుర్రాళ్లు కత్తెర వాడకుండా గుత్తిని పట్టి లాగుతుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. ఆ ఊపుకి కొమ్మ విరిగితే దాని మీదున్న పచ్చి గుత్తులన్నీ వృథా. అక్టోబర్‌లో తీగల కొమ్మలు కత్తిరించిన దగ్గర్నుంచి పండు చేతికొచ్చేదాకా నాలుగు నెలల పైన కాపు కాస్తారు, మధ్యలో అకాల వాన ఒక్కటి పడితే పండ్లు పగిలి కుళ్లిపోతాయి. తోట వాళ్లు గేటు దగ్గరే రెండు నిమిషాలు నిలబెట్టి ఎలా కోయాలో చెబితే సగం నష్టం తప్పుతుంది. అది చెప్పడం లేదు, నా మొదటి ఫిర్యాదు అదే.

రెండోది, ఎనిమిదింటికి స్లాట్ అని డబ్బు కట్టించుకుని గేటు తీసేసరికి ఎనిమిదిన్నర దాటింది. మూడోది స్పీకర్లు. పది కొట్టేసరికి పార్కింగ్ పక్కన పాటలు పెట్టారు, అప్పటిదాకా వినిపించిన పిట్టల గోల పోయింది. ఆడవాళ్లకు టాయిలెట్ ఒక్కటే, నీళ్లు బయటి నుంచి బకెట్‌తో తెచ్చుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూర్చోడానికి ఒక్క బెంచీ కూడా లేదు. ట్రాక్టర్ రైడ్ అని విడిగా తీసుకుంటున్నారు, రెండు చుట్లు తిప్పి దించేస్తారు, ఆ డబ్బుకి ఇంకో కిలో కోసుకోవడం మేలు.

మా ముందున్న ఒకాయన "వైన్ టేస్టింగ్ ఉంటుందా" అని గట్టిగా అడిగాడు. ఉండదు. ఇవి తినే ద్రాక్ష, వైన్‌కి వాడే రకాలు వేరు, వాటి పండు చిన్నది, తోలు మందం, గింజలు ఎక్కువ. ఆ సరదా ఉంటే నాసిక్ వెళ్లాలి. ఇక్కడ పెంచేది ఎక్కువగా గింజలేని థామ్సన్, కొంచెం నల్ల ద్రాక్ష. నేను వెతికింది అనాబ్-ఎ-షాహీ కోసం. పేరుకు తగ్గట్టే రాజద్రాక్ష, పెద్ద పండు, లేత రంగు, లోపల గింజలు, నోట్లో వేసుకుంటే నీరు కారిపోయేది. ఒకప్పుడు హైదరాబాద్ ద్రాక్ష అంటే అదే. మేడ్చల్ వైపు మా మామయ్య వాళ్లకూ ఆ పందిళ్లు ఉండేవి, కూలీల ఖర్చు భరించలేక తీసేశారు, ఇప్పుడక్కడ ప్లాట్లు. ఈ తోటలో ఆ తీగ ఒక్కటీ లేదు. రకరకాలు ఒక్కచోట చూడాలనుకునే వాళ్లు రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన కేంద్రం గురించి కూడా కనుక్కోండి.

పండు మీద తెల్లటి పొడిలా ఉంటుంది కదా, దాన్ని చూసి పురుగుమందు అని భయపడి అక్కడే పంపు కింద కడుగుతున్నారు చాలామంది. అది పండు సొంత మైనపు పూత, లోపలి తేమ పోకుండా కాపాడుతుంది. కడిగి సంచిలో వేస్తే ఇంటికొచ్చేసరికి మెత్తబడతాయి, తినే ముందు కడుక్కుంటే చాలు. మందు కొట్టి ఎన్ని రోజులైందో మాత్రం తప్పకుండా అడగండి. నేనడిగితే గేటు దగ్గరి అబ్బాయికి తెలియలేదు, లోపలున్న పెద్దమ్మే చెప్పింది. ఇది బోర్డు మీద రాసిపెట్టాల్సిన సంగతి.

తోటలో గంటన్నర చాలు. ఆ తర్వాత మేం కీసరగుట్టకు వెళ్లాం. హనుమంతుడు కాశీ నుంచి తెచ్చాడని చెప్పుకునే 101 లింగాల కథ పాపకు చెబుతూ మెట్లెక్కితే అలసట తెలియలేదు, పైన రాళ్ల మధ్య అక్కడక్కడా లింగాలు కనిపిస్తుంటే అది లెక్క పెట్టుకుంటూ తిరిగింది. శివరాత్రి రోజుల్లో మాత్రం అటు వైపు ట్రాఫిక్‌తో చుక్కలు కనిపిస్తాయి, ద్రాక్ష సీజన్ కూడా అప్పుడే కాబట్టి తేదీ చూసుకుని బయల్దేరండి. శామీర్‌పేట చెరువు కట్ట దగ్గర సాయంత్రం గాలి బాగుంటుంది, మేం పది నిమిషాలే ఆగాం.

నాలుగు కిలోలు కోశాం. కొస పండు రుచి చూసి కోసినవి కాబట్టి ఒక్క గుత్తి కూడా పుల్లగా లేదు, మూడు రోజుల్లో అయిపోయాయి. ఐదుకి మూడున్నర ఇస్తాను, అందులో పందిరికీ పెద్దమ్మకే మూడు. మోకాళ్ల నొప్పులని ఇంట్లోనే ఉండిపోయిన మా అత్తమ్మ ఆ ఫొటోలు చూసినప్పటి నుంచి పందిరి గురించే మాట్లాడుతోంది. వచ్చే ఆదివారం ఆమెను తీసుకెళ్తున్నాను, డిక్కీలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని.