వర్చువల్‌బాక్స్ యూఎస్‌బీ ఫిల్టర్లు: నాలుగేళ్లు వాడాక

ద్వారకా నగర్‌లో మాది చిన్న ట్యాక్స్ ఆఫీసు. కంప్యూటర్‌లో ఉబుంటు (ఒక రకం లినక్స్) ఉంది, దాని లోపల వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రామ్‌లో, కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్‌లా (దీన్నే వీఎం అంటారు) విండోస్ నడుస్తుంది. డిజిటల్ సంతకాల పనంతా ఆ విండోస్‌లోనే. నెలనెలా 20వ తారీఖు దగ్గర పడేసరికి ఆటోనగర్ నుంచి కంపెనీల వాళ్లు డీఎస్‌సీ టోకెన్ (డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ పరికరం) పట్టుకుని వస్తారు, అదే జేబులోంచి బిల్లులున్న పెన్‌డ్రైవ్ కూడా తీస్తారు. ఆ పెన్‌డ్రైవ్ అంతకుముందు ఎన్ని కంప్యూటర్లు తిరిగిందో ఎవరికి తెలుసు? సంతకం పెట్టే విండోస్‌ దగ్గరికి అది చేరకూడదు. గుచ్చిన యూఎస్‌బీ పరికరాల్లో ఏది వీఎంలోకి వెళ్లాలో చెప్పే ఫిల్టర్లు నాకు కావాల్సింది ఇందుకే.

మొదట్లో ఏమీ నింపకుండా ఖాళీ ఫిల్టర్ పెట్టాను. ఖాళీ ఫిల్టర్ అంటే ‘ఏది కనిపించినా తీసుకో’ అని అర్థమని అప్పటికి తెలియదు. ఓ సాయంత్రం బ్యాకప్ డిస్క్‌లోకి ఫైళ్లు కాపీ అవుతుండగా వీఎం ఆన్ చేశాను. "సార్, డిస్క్ కనిపించట్లేదు" అన్నాడు మా ఆఫీసు అబ్బాయి. ఉబుంటులో అన్‌మౌంట్ (సురక్షితంగా విడదీయడం) కాకుండానే డిస్క్ విండోస్‌లోకి వెళ్లిపోయింది. రాత్రి పదకొండు దాకా ఒక్కో ఫోల్డరూ తెరిచి చూసుకున్నాం. రెండు ఎక్సెల్ ఫైళ్లు పాడయ్యాయి. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే.

ఇప్పుడు టోకెన్ రకానికొక ఫిల్టర్ ఉంది. టోకెన్ గుచ్చి, లిస్టులోంచి ఎంచుకుంటే వివరాలన్నీ వాటంతటవే నిండుతాయి. అలాగే వదిలేస్తే మాత్రం ఇబ్బంది. రివిజన్, సీరియల్ నంబర్ కూడా సరిపోవాలి కాబట్టి, అదే కంపెనీ టోకెన్ ఇంకొకరు తెస్తే వీఎంకి చేరకపోవచ్చు. నేను వెండర్ ఐడీ, ప్రోడక్ట్ ఐడీ (తయారీ కంపెనీ, మోడల్ కోడ్లు) మాత్రమే ఉంచి మిగతావి చెరిపేశాను. అప్పటి నుంచి ఎవరి టోకెన్ గుచ్చినా నేరుగా విండోస్‌లో తేలుతోంది, పెన్‌డ్రైవ్ ఉబుంటులోనే ఉంటోంది. రోజూ వాడే మనిషికి ఇంతకంటే హాయి లేదు.

లినక్స్‌లో పెట్టుకునేవాళ్లు తమ యూజర్‌ని ‘వీబాక్స్‌యూజర్స్’ (vboxusers) గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ రావాలి. లేకపోతే డివైజ్‌ల లిస్టు ఖాళీగా కనిపిస్తుంది. నాకు దీనికే ఒక పూట పోయింది. యూఎస్‌బీ 2, 3 కోసం ఇదివరకు ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అనే అదనపు ప్యాకేజీ వేయాల్సి వచ్చేది, 2022లో వచ్చిన వర్చువల్‌బాక్స్ 7.0 నుంచి ఆ అవసరం లేదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. డివైజ్ తన గురించి తాను చెప్పుకున్న కోడ్లనే ఫిల్టర్ నమ్ముతుంది. కావాలని దొంగ కోడ్ పెట్టి తయారుచేసిన డివైజ్‌ని ఇది ఆపలేదు. పొరపాట్లకి మాత్రం గట్టి అడ్డమే. దొంగ డివైజ్ భయం ఉంది కాబట్టి పని లేని రోజుల్లో ఫిల్టర్ల టిక్‌ తీసేసి ఉంచుతాను, చెరపను. టోకెన్ వచ్చాక మళ్లీ టిక్ పెడితే సరిపోతుంది.