యాక్సిడెంట్ కేసు ఏజెంట్లతో జాగ్రత్త: తెల్ల కాగితాల మీద సంతకం పెట్టకండి

మా తమ్ముడు సెంట్రింగ్ పని చేస్తాడు. పోయినేడాది పని ముగించుకుని బండి మీద ఇంటికొస్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది. కుడికాలు రెండుచోట్ల విరిగితే రాడ్ వేశారు. ఆపరేషనైన మూడోరోజు వార్డులోకి ఒకాయన వచ్చాడు. "అమ్మా, టెన్షన్ పడకండి. కేసు మేం చూసుకుంటాం. ఇప్పుడు పైసా ఇవ్వక్కర్లేదు, డబ్బులొచ్చాక ముప్పై శాతం ఇవ్వండి చాలు" అన్నాడు. మా అమ్మకి ఆ క్షణంలో దేవుడే పంపినట్టు అనిపించింది.

వకాలత్ (లాయరుకు కేసు అప్పగించే కాగితం) మీద, నాలుగు తెల్ల కాగితాల మీద, రెండు ఖాళీ చెక్కుల మీద, పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా సంతకాలు పెట్టించుకున్నాడు. సెలైన్ సూది ఉన్న చేత్తోనే పెట్టాడు తమ్ముడు. ఎఫ్ఐఆర్ కాపీ, బిల్లులు, ఎక్స్‌రేలు అన్నీ ఒరిజినల్సే పట్టుకెళ్లాడు.

ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఎనిమిది నెలలకి తెలిసింది, లోక్ అదాలత్‌లో (రాజీ కుదిర్చే కోర్టులో) రెండు లక్షలకి రాజీ అయిపోయిందని. మెడికల్ బోర్డు ఇచ్చే వైకల్య సర్టిఫికెట్ అసలు పెట్టనే లేదు. డబ్బు ఖాతాలో పడిన రోజే సగానికి పైగా ఆ చెక్కులతో తీసేశాడు. లోక్ అదాలత్ తీర్పు మీద అప్పీలు ఉండదు. మోసం జరిగిందని హైకోర్టులో రిట్ పిటిషన్ వేసుకోవడం తప్ప మాకు వేరే దారి లేదు.

మాకు ఆలస్యంగా తెలిసినవి మీకు ముందే చెబుతున్నాను. పరిహారంలో ఇంత శాతం అని వాటా మాట్లాడుకోవడం లాయర్లకు నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం లాయరుకే తప్పు, ఇక మధ్యవర్తికి ఏం హక్కుంది? 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిమ్ వేయాలన్న నిబంధన ఉంది, కాబట్టి ఆలస్యం చేయకండి. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరు ఉండే ఊరి పరిధిలోని ట్రిబ్యునల్‌లోనే (ప్రమాద పరిహారం తేల్చే కోర్టులోనే) వేసుకోవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆదాయం చూడకుండా ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. పనిచేస్తుండగా దెబ్బ తగిలితే ఉద్యోగుల పరిహారం కింద రెండేళ్లలోపు వేసుకోవచ్చు (ఇది 1923 నాటి చట్టంలో ఉండేది, 2025 నవంబరు నుంచి దాని చోటికి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది). ఇదీ, రోడ్డు ప్రమాదాలకు వర్తించే మోటారు వాహనాల చట్టమూ రెండూ వర్తిస్తే మాత్రం ఒక్కటే ఎంచుకోవాలి.

ఎవరెంత తీయగా మాట్లాడినా ఒరిజినల్స్ చేతికివ్వకండి, జిరాక్సులే ఇవ్వండి. తమ్ముడికి రాడ్ తీయాలంటే డాక్టరుగారు పాత ఎక్స్‌రేలు తెమ్మంటున్నారు. అవి ఇంకా ఆ ఏజెంటు దగ్గరే ఉన్నాయి.