కిట్ కారుకి కార్బులా, థ్రాటిల్ బాడీలా? ఇంట్లో సొంతంగా పని చేసుకునేవాళ్ళకి ఏది మేలు

సెవెన్ టైపు (పాత లోటస్ సెవెన్ లాంటి తేలికపాటి) కిట్ కారు కట్టుకున్న ప్రతివాళ్ళూ ఏదో ఒకరోజు ఈ ప్రశ్న దగ్గర ఆగుతారు, ఇంజన్ పక్కన వేలాడే ఆ రెండు వెబర్ కార్బొరేటర్లు అలాగే ఉంచెయ్యాలా లేక పీకేసి నాలుగు థ్రాటిల్ బాడీలు (గాలిని వదిలే గొట్టాలు, పెట్రోల్‌ని ఇంజెక్టర్లు చిమ్ముతాయి), వాటిని నడిపే కంప్యూటర్ అంటే ఒక ఈసీయూ పెట్టాలా అని. నేను ఒకే ఇంజన్ మీద, 2 లీటర్ల ఫోర్డ్ జీటెక్ మీద, రెండూ వాడాను కాబట్టి చూసింది చూసినట్టు రాస్తున్నా.

ముందు పవర్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే. ఒకే సైజు, ఒకే క్యామ్ అయితే ఫుల్ థ్రాటిల్‌లో పైన వచ్చే పవర్‌లో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఇంజన్‌కి కావాల్సింది గాలి, ఆ గాలి రెండిట్లోనూ సిలిండర్‌కొక గొట్టం నుంచే వస్తుంది. తేడా అంతా కింద, మధ్యలో ఉంటుంది, అంటే సగం థ్రాటిల్‌లో మెల్లగా పోయేటప్పుడు, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసేటప్పుడు, ఇంకా పెట్రోల్ తాగుడులో. కారు బరువే 500, 600 కిలోలు ఉన్నప్పుడు ఇంకో ఐదు హార్స్‌పవర్ కోసం ఇంత పని పెట్టుకోవడం కొండని తవ్వి ఎలుకని పట్టడమే. ఆ డబ్బుతో మంచి టైర్లు, షాక్ అబ్జార్బర్లు వేసుకుంటే ఇంకా వేగంగా పోతారు.

ఇక కార్బులు. ఆ వెబర్ కార్బుల మోడల్ పేరు డీసీఓఈ, అదంటే చాలామందికి భయం, కానీ ఇంట్లో పని చేసేవాడికి ఇంత అనుకూలమైన వస్తువు ఇంకోటి లేదు. పైన ఒక చిన్న మూత, దానికో రెక్కల నట్టు, చేత్తో తిప్పి తీస్తే ఐడిల్ జెట్లు, మెయిన్ జెట్లు (పెట్రోల్‌ని కొలిచి వదిలే చిన్న రంధ్రాల ముక్కలు) అన్నీ అక్కడే కనిపిస్తాయి, ఒక్క స్క్రూడ్రైవర్ చాలు, కార్బు ఇంజన్ మీద నుంచి దించక్కర్లేదు. 45 డీసీఓఈ అంటే బటర్‌ఫ్లై (గాలి దారిని తెరిచి మూసే రేకు) దగ్గర 45 మిల్లీమీటర్లు, కానీ అసలు సంగతి లోపలుండే చోక్ సైజు, చోక్ అంటే ఇక్కడ స్టార్టింగ్ చోక్ కాదు, గొట్టం లోపల సన్నబడే భాగం. మొదలుపెట్టడానికి మెయిన్ జెట్ చోక్‌కి నాలుగు రెట్లు అనుకోండి, 36 చోక్ అయితే 145 దగ్గర, అక్కణ్ణుంచి అటూ ఇటూ. అయితే మామూలు రోడ్డు మీద మీరు ఎక్కువసేపు ఉండేది మెయిన్ జెట్ మీద కాదు, దాదాపు 3000 ఆర్‌పీఎం దాకా లైట్ థ్రాటిల్‌లో బండిని లాగేది ఐడిల్ జెట్టే, కారు జెర్క్ కొడుతోందని మెయిన్ జెట్లు మార్చుకుంటూ కూర్చునేవాళ్ళు ఈ ముక్క తెలియక కూర్చుంటారు (నేనూ కూర్చున్నా, రెండు వారాలు).

కార్బుల కష్టాలు మాత్రం నిజమే. ఫ్యూయల్ ప్రెషర్ 3 పీఎస్‌ఐ చుట్టూ ఉండాలి, అది దాటితే నీడిల్ వాల్వ్ ఆపలేక పెట్రోల్ పొంగిపోతుంది. మానిఫోల్డ్‌కి (ఇంజన్‌లోకి గాలి తీసుకెళ్ళే గొట్టాల భాగానికి) బిగించేటప్పుడు నట్లు బలం కొద్దీ బిగించకూడదు, మధ్యలో మెత్తటి ఓ-రింగ్ ప్లేటు, నట్టు కింద స్ప్రింగ్ వాషర్ ఉండి కార్బు కొంచెం కదలాలి, లేకపోతే నాలుగు సిలిండర్ల వణుకుడంతా పెట్రోల్ నిలవుండే ఫ్లోట్ చాంబర్‌లోకి పోయి లోపల పెట్రోల్ నురగ కట్టేస్తుంది. ఐడిల్ రిచ్‌గా (గాలికి మించి పెట్రోల్ ఎక్కువగా) ఉంటే పచ్చి పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్ కడిగేస్తుంది, డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే తెలిసిపోతుంది. ఇంకా చలికాలమంతా బండి పక్కన పడుంటే ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోల్ ఆవిరైపోయి జిగురు మిగులుతుంది, మొదట మూసుకుపోయేది మళ్ళీ ఐడిల్ జెట్టే. కానీ అది తీసి ఊదితే పది నిమిషాల పని.

థ్రాటిల్ బాడీలకి వస్తే, బాగా మ్యాప్ చేసిన రోజు, అంటే ఎప్పుడు ఎంత పెట్రోల్, ఎప్పుడు స్పార్క్ అన్న పట్టిక ఈసీయూలో సరిగ్గా నింపిన రోజు, ఆ సుఖమే వేరు. సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది, వేడెక్కేదాకా యాక్సిలరేటర్ మీద కాలు పెట్టి బతిమాలక్కర్లేదు, ట్రాఫిక్‌లో మెల్లగా పోతే దగ్గదు, ఎత్తు ప్రాంతాలకి ఎక్కితే బారో సెన్సార్ (బయటి గాలి ఒత్తిడి కొలిచేది) ఉన్న ఈసీయూ తనే పెట్రోల్ తగ్గించుకుంటుంది. కార్బులకి ఆ తెలివి లేదు, పైకి ఎక్కేకొద్దీ రిచ్ అవుతూ పోతాయి.

కానీ ఆ "బాగా మ్యాప్ చేసిన" అన్న మాట వెనక ఎంత ఉందో చూడండి. హై ప్రెషర్ పంపు, 3 బార్ రెగ్యులేటర్, రిటర్న్ లైను, వీటితోపాటు స్విర్ల్ పాట్ (పంపుకి ఎప్పుడూ పెట్రోల్ అందేలా ఉంచే చిన్న డబ్బా). ఎందుకంటే మలుపులో ట్యాంకులో పెట్రోల్ ఒక పక్కకి పోతే ఇంజెక్టర్లకి ఆ క్షణమే తెలుస్తుంది, కార్బులకైతే ఫ్లోట్ చాంబరే చిన్న ట్యాంకులా కాసేపు కాపాడుతుంది. సిలిండర్‌కొక బటర్‌ఫ్లై ఉన్నప్పుడు మానిఫోల్డ్ వాక్యూమ్ సరిగ్గా నిలవదు, అందుకని ఎక్కువగా థ్రాటిల్ ఎంత తెరిచారు, ఆర్‌పీఎం ఎంత అనే రెండిటి మీదే మ్యాప్ కడతారు. అంటే థ్రాటిల్ మొదటి కొద్ది డిగ్రీల్లో చిన్న తప్పున్నా ఐడ్లింగ్‌లో కనిపిస్తుంది. ఇంకోటి, ఇంజెక్షన్ కదా బ్యాలెన్సింగ్ గోల ఉండదు అనుకుంటారు, ఉంటుంది బాస్, నాలుగు బటర్‌ఫ్లైలు ఉన్నంతకాలం గాలి మీటర్ పట్టుకుని నాలుగూ సమానం చెయ్యాల్సిందే, కార్బులకి చేసినట్టే.

అసలు దెబ్బ వైరింగ్‌లో తగులుతుంది. కిట్ కారు బాడీలో ఫైబర్ గ్లాస్ భాగాలుంటాయి, చాసిస్‌కి పౌడర్ కోటింగ్, ఆ కోటింగ్ మీద ఎర్త్ బోల్టు బిగిస్తే బోల్టు గట్టిగానే ఉంటుంది గానీ కరెంటు పోదు. నా బండి ఒక సీజనంతా హెడ్‌లైట్లు వేస్తేనే మిస్సింగ్ కొట్టేది, పగలు అమృతం. లాప్‌టాప్ పెట్టుకుని మ్యాప్ మార్చాను, సెన్సార్లు మార్చాను, చివరికి ఈసీయూ ఎర్త్ కింద పెయింటు గీకితే పోయింది. కార్బుల మీద ఈ రోగం వచ్చేదే కాదని కాదు, వచ్చినా వెతకాల్సిన చోట్లు తక్కువ.

నేను ఏది మేలో తూచేది పవర్ లెక్కన కాదు, ఇంటికి దూరంగా ఆగిపోతే ఒంటరిగా పట్టుకోగలనా లేదా అన్న లెక్కన. కార్బు ఆగిపోతే పెట్రోల్ వస్తోందా, స్పార్క్ వస్తోందా, ఈ రెండే ప్రశ్నలు. థ్రాటిల్ బాడీలతో ఆ రెండిటి వెనక క్రాంక్ సెన్సార్, రిలేలు, పంపు ప్రెషర్, వోల్టేజ్ ఇన్ని. బ్యాటరీ నీరసంగా ఉండి సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజ్ బాగా పడిపోతే ఈసీయూ రీసెట్ అయి కూర్చుంటుంది, నెలకోసారి బయటికి తీసే బండికి ఇది చిన్న విషయం కాదు.

అందుకే ఎక్కువమందికి నేను చెప్పేది మధ్య దారి: కార్బులు ఉంచండి, ఇగ్నిషన్ మాత్రం మ్యాప్ చేసుకోండి. జీటెక్‌కి ఎలాగూ డిస్ట్రిబ్యూటర్ లేదు, ఫ్లైవీల్ మీద 36 పళ్ళకి ఒకటి తక్కువ ఉన్న ట్రిగ్గర్ (క్రాంక్ ఎక్కడుందో సెన్సార్‌కి చెప్పేది) కంపెనీ నుంచే ఉంటుంది. ఫోర్డ్ వాళ్ళదే పాత కెంట్ క్రాస్‌ఫ్లో ఇంజన్ అయితే క్రాంక్ పుల్లీకి అలాంటి చక్రం బిగించి, అరిగిన స్ప్రింగుల డిస్ట్రిబ్యూటర్‌ని పక్కన పెట్టెయ్యొచ్చు. కార్బు షాఫ్ట్ చివర ఒక థ్రాటిల్ సెన్సార్ పెడితే లోడ్ కూడా తెలుస్తుంది. కార్బుల్ని తిట్టుకునే సమస్యల్లో చాలా వరకూ నిజానికి టైమింగ్ సమస్యలే. దాంతోపాటు ఎగ్జాస్ట్‌కి వైడ్‌బ్యాండ్ లాంబ్డా సెన్సార్ ఒకటి పెట్టుకోండి, ఫుల్ థ్రాటిల్‌లో గాలి-పెట్రోల్ నిష్పత్తి 12.5 నుంచి 13 మధ్య కనిపిస్తే జెట్టింగ్ దారిలో ఉన్నట్టు. పక్కనే ముగిసిపోయే పొట్టి ఎగ్జాస్ట్ అయితే సెన్సార్ తోకకి దగ్గర పెట్టకండి, ఐడ్లింగ్‌లో బయటి గాలి లోపలికి వచ్చి అబద్ధం చూపిస్తుంది.

థ్రాటిల్ బాడీలు ఎవరికి అంటే, బండిని వారం వారం నడిపేవాళ్ళకి, దూరాలు పోయేవాళ్ళకి, ఎత్తులు ఎక్కి దిగేవాళ్ళకి, ముఖ్యంగా వైర్లకి కొసలు నొక్కే క్రింపింగ్ టూల్ పట్టుకుంటే సంతోషపడేవాళ్ళకి. రెండిట్లో ఏదైనా సరే పెట్రోల్ పైపులు మాత్రం ఇథనాల్‌ని తట్టుకునే ఆర్9 రకం వెయ్యండి, పాత రబ్బరు లోపల్నుంచి మెత్తబడి ముక్కలు ముక్కలుగా రాలుతుంది.

డీసీఓఈ బోల్టులకే సరిపోయే థ్రాటిల్ బాడీలు దొరుకుతాయి, అదే మానిఫోల్డ్ మీద కూర్చుంటాయి, కాబట్టి తేల్చుకోలేకపోతే వెనక్కి వచ్చే దారి ఉంటుంది. నేను వచ్చాను. ఇప్పుడు బండి మీద మళ్ళీ కార్బులే, చల్లటి పొద్దున నాలుగుసార్లు పెడల్ తొక్కి సెల్ఫ్ కొడతాను, రెండు నిమిషాలు గొణిగి అందుకుంటుంది. థ్రాటిల్ బాడీలు నోళ్ళకి గుడ్డ కట్టి అలమరాలో పెట్టాను, ఇంకా అమ్మలేదు.