డ్రాపర్‌తో నింపే బడి ఇంకుపెన్ను: ఇప్పుడు కొంటే ఏం చూసుకోవాలి

బడిలో రాసిన ఇంకుపెన్ను మళ్ళీ కావాలనుకునేవాళ్ళు కొనాల్సింది గొట్టంలోకి నేరుగా డ్రాపర్‌తో ఇంకు పోసే ఎబొనైట్ (గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు) పెన్నే. పైకి అలాగే కనిపించే, ఇంకు నింపిన చిన్న గొట్టం (కార్ట్రిడ్జ్) తొడిగే పెన్నులు చాలానే ఉన్నాయి గానీ వాటిలో ఆ తడి రాత రాదు. ఈ పెన్నులో రబ్బరు తిత్తి లేదు, పిస్టన్ లేదు. గొట్టం, దానికి బిగించే మెడ, పాళీ, పాళీ కింద దానికి ఇంకు అందించే నల్లటి నాలుక, పైన క్యాప్, అంతే. చెడిపోయే భాగాలే లేవు గనుక జాగ్రత్తగా వాడితే దశాబ్దాలు పనిచేస్తుంది. చిన్న కార్ట్రిడ్జ్‌లో పట్టేది సుమారు 0.8 మిల్లీలీటర్లయితే, ఇందులో 2 నుంచి 3 మిల్లీలీటర్లు పడుతుంది. రోజుకు నాలుగైదు పేజీలు రాసేవాళ్ళు కూడా మాటిమాటికీ సీసా వెతుక్కోనక్కర్లేదు.

దీనిమీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇంకు కక్కుతుందని. నిజమే, కక్కుతుంది. కానీ నిండుగా ఉన్నప్పుడు కాదు, అడుగంటుతున్నప్పుడు. ఇంకు తగ్గేకొద్దీ గొట్టంలో గాలి పెరుగుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి మిగిలిన ఇంకును పాళీ వైపు తోస్తుంది, కాగితం మీద చుక్క పడుతుంది. నాలుకకు అడ్డంగా కోసిన సన్నని గాడులు ఉన్నది ఇందుకే. పొంగిన ఇంకును అవి కాసేపు పట్టి ఉంచుతాయి. నాలుకలో సన్నని చీలికల గుండా ఇంకు దిగుతూ, దిగినంత మేర గాలి లోపలికి వెళ్ళే ఏర్పాటుకు లూయిస్ వాటర్‌మన్ 1884లో పేటెంట్ పొందాడు. ఆ సూత్రం నేటికీ మారలేదు. కాబట్టి కొనేటప్పుడు పాళీ మెరుపు కన్నా ముందు నాలుకను తిరగేసి చూడాలి. గాడులు లేని నునుపు నాలుకైతే ఆ పెన్ను వదిలేయడమే మంచిది. గాడులున్న పెన్నులో కూడా ఇంకు పావు వంతుకు దిగకముందే నింపేస్తే కక్కడం దాదాపు ఆగిపోతుంది. గొట్టం గోడ మందంగా ఉంటే మరీ మేలు, వేడి లోపలికి నెమ్మదిగా చేరుతుంది.

నింపేటప్పుడు ఇంకు మెడ బిగించే మరల దాకా రాకూడదు, వాటికి కొంచెం కిందే ఆగాలి. మెడ బిగించడానికి కనీసం ఐదారు చుట్లు తిరిగితే ఆ మరలు నమ్మదగినవి. రెండు చుట్లకే బిగిసిపోతే వేళ్ళకు ఇంకు అంటడం ఖాయం. మరలకు సిలికాన్ గ్రీజు పలచగా పూస్తే చాలు. వేజలైన్ మాత్రం వద్దు. మెడ దగ్గర రబ్బరు వాషరుంటే అది ఉబ్బి పాడవుతుంది.

ఇక పాళీ. బడిలో పాళీ గీరుకుంటే నేలమీద రుద్దేవాళ్ళు, ఇంకు దిగకపోతే చీలికలోకి బ్లేడు దూర్చేవాళ్ళు. రెండూ అప్పటికప్పుడు పనిచేసినట్టే ఉండేవి. నేలమీద రుద్దితే మొనకు అతికించిన గట్టి లోహపు గుండు ఒకవైపు అరుగుతుంది. పెన్ను ఒక్క కోణంలో నున్నగా సాగుతుంది, కాస్త తిప్పితే మళ్ళీ గీరుతుంది. వేరొకరికి ఆ పెన్ను ఇస్తే రాయలేకపోవడానికి కారణం అదే. బ్లేడు దూరిస్తే చీలిక వెడల్పయి ఇంకు వరదలా దిగుతుంది, దాన్ని మళ్ళీ దగ్గరికి తేవడం కష్టం. గీరే పాళీని ముందు భూతద్దంలో చూడాలి. చాలాసార్లు చీలికకు చెరోవైపున్న రెక్కల్లో మొన దగ్గర ఒకటి పైకి, ఇంకోటి కిందికి ఉంటుంది. పైకున్న రెక్కను గోటితో మెల్లగా కిందికి నొక్కితే సరి, రుద్దే పనే ఉండదు.

కొత్త పెన్ను మొదటి గీతకే తడబడితే నాలుకకూ పాళీకీ మధ్య సందు ఉందేమో చూడాలి. ఎబొనైట్ నాలుకకు ఇది ఇంట్లోనే సరిచేయవచ్చు. పాళీని, నాలుకను కలిపి గుడ్డతో పట్టుకుని తిప్పకుండా తిన్నగా లాగితే ఊడి వస్తాయి. రెండింటినీ కడిగి మళ్ళీ జతచేసి, బాగా వేడిగా ఉన్న నీళ్ళలో అర నిమిషం ఉంచితే నాలుక కాస్త మెత్తబడుతుంది. వెంటనే గుడ్డ మడతతో నాలుకను పాళీకి అదిమిపెట్టి చల్లనీళ్ళ కింద పట్టుకోవాలి. ఆ వంపు అలాగే నిలిచిపోతుంది. ప్లాస్టిక్ నాలుక ఇలా లొంగదు. పైగా ఎబొనైట్ మీద ఇంకు చక్కగా పరుచుకుంటుంది, ప్లాస్టిక్ మీద ముత్యాల్లా జారిపోతుంటుంది. ధరలో కాస్త తేడా ఉన్నా ఎబొనైట్ నాలుకే తీసుకోమనడానికి ఈ రెండు కారణాలు చాలు.

పాళీని తొడుగులో దాచిన పెన్నులు కూడా బడి సంచుల్లో ఉండేవి. 1941లో వచ్చిన పార్కర్ 51 పోలికతో తయారైనవి అవి. వాటిలో పాళీ త్వరగా ఎండదు. ఆగి ఆగి రాసేవాళ్ళకు అదే నయం. వాటిలోని రబ్బరు తిత్తి నొక్కి నింపడం సులువే గానీ కడగడం చికాకు, రంగు మార్చినప్పుడల్లా పాత ఇంకు వస్తూనే ఉంటుంది.

ఎబొనైట్‌కు లోపాలు లేకపోలేదు. ఎండ తగిలితే నలుపు గోధుమరంగుకు తిరుగుతుంది, కొత్తలో గంధకం వాసన వస్తుంది. వేడినీళ్ళు నాలుకకే గానీ గొట్టానికి, క్యాప్‌కు తగలకూడదు, రంగు పోతుంది. విమానంలో తీసుకెళ్ళాలంటే పూర్తిగా నింపాలి, లేదా పూర్తిగా ఖాళీ చేయాలి. సగం ఇంకుతో వెళ్తే పీడనం మారగానే క్యాప్ నిండా ఇంకే.

ఇంకు విషయంలో బేరమే లేదు. నీటిలో కరిగే రంగుతో చేసిన మామూలు పెన్ను ఇంకే పోయాలి. చిత్రాలకు వాడే నల్ల డ్రాయింగ్ ఇంకులో సన్నని మసి పొడి, లక్క ఉంటాయి. ఎండితే నాలుక గాడులు మూసుకుపోతాయి, ఎంత కడిగినా పూర్తిగా రావు. నెలకొకసారి మామూలు చల్లనీళ్ళతో, నీళ్ళు తేటగా వచ్చేవరకు కడిగితే చాలు. రెండు వారాలకు మించి రాయనప్పుడు ఇంకు తీసేసి, మెడను పాళీ కిందికి ఉండేలా మెత్తటి కాగితంలో చుట్టి రాత్రంతా ఆరనివ్వాలి.