నేల ఉసిరా, నేలవేమా: కామెర్లకి ఏది మేలు?

పర్లాకిమిడి సంతలో ఈ రెండు కట్టలూ పక్కపక్కనే పెడతారు. మనకి నేల ఉసిరి, నేలవేము. ఒడియా వాళ్లకి భుయిఁ అఁళా, భుయిఁ నింబ. రెండు భాషలూ రెంటినీ నేలకే కట్టేశాయి. ఇంట్లో ఎవరి కళ్లయినా పచ్చబడితే డాక్టర్ కన్నా ముందు పసరు గుర్తొస్తుంది. కిందటి వానాకాలం మా వదిన తమ్ముడు కంచిలి నుంచి వచ్చి ఇక్కడ కామెర్లతో పడ్డాడు. "జువాలజీ చెప్తావు కదా, ఎలుకల మీద ఏది బాగా పనిచేసిందట?" అని వదిన ఫోన్ చేసింది.

లివర్ మటుకే అయితే రెండూ పాసే. విస్టార్ అనే ల్యాబ్ జాతి ఎలుకలకి కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే విష రసాయనమో, మోతాదు మించిన పారాసెటమాలో ఇచ్చి లివర్‌ని చెడగొడతారు. కొన్నిటికి ఆకు సారం, పోలికకి కొన్నిటికి సిలిమారిన్ అనే లివర్ మందు పట్టిస్తారు. తర్వాత లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ చూసి, లివర్‌ని 5 మైక్రాన్ల పొరలుగా కోసి రంగు వేస్తారు. బాగున్న లివర్‌లో నడిమి సిర చుట్టూ కణాలు బండిచక్రం ఆకుల్లా వరసకట్టి ఉంటాయి. విషం తగిలిన దాంట్లో ఆ సిర పక్కనే తెల్లటి కొవ్వు బుడగలు, కేంద్రకాలు మాయమైన గులాబీ మచ్చలు కనిపిస్తాయి. సారం తాగిన ఎలుకల్లో ఆ నష్టం తగ్గింది. నేల ఉసిరితోనూ, నేలవేముతోనూ ఇలాంటి ఫలితాలే వచ్చాయి.

అయితే మనవాడికి తగిలింది కార్బన్ టెట్రాక్లోరైడ్ కాదు, వైరస్. పైగా ఎలుకకి పైత్యరసం నిలవుండే సంచి, పిత్తాశయమే ఉండదు! హెపటైటిస్-ఎ కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. పేరు మాత్రం పసరుకి వస్తుంది. హెపటైటిస్-బి మీద నేల ఉసిరిని 1988లో మద్రాసులో మనుషులకే ఇచ్చి చూశారు. మందు తాగిన 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు పోయిందని లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు.

అసలు తేడా కిడ్నీల దగ్గర వస్తుంది, అక్కడే తికమక కూడా. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్‌తో దెబ్బతీసిన ఎలుక కిడ్నీలని నేలవేము సారం కాపాడింది. కానీ అదే మొక్కలోని ఆండ్రోగ్రాఫోలైడ్‌ని ఇంజెక్షన్‌గా ఇచ్చిన చైనాలో, కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతిన్న 26 కేసుల మీద 2014లో సమీక్ష వచ్చింది. ఇంజెక్షన్ వేరు, కషాయం వేరు, సరే. మరి నోటి ద్వారా పట్టిన నేల ఉసిరి? నైజీరియాలో విస్టార్ ఎలుకలకి రోజుల తరబడి ఇచ్చిన ఒక ప్రయోగంలో కిడ్నీ కణజాలం అమరిక చెదిరింది.

ఇక మోతాదు. ఎలుకకి కిలో బరువుకి 200 మిల్లీగ్రాములంటే మనిషికి దాన్ని సుమారు 6.2తో భాగించాలి. 60 కిలోల మనిషికి రెండు గ్రాముల లోపు, అదీ ఆరబెట్టిన సారం. రోట్లో దంచిన గుప్పెడు ఆకులో ఎంత సారముందో ఎవరు తూచారు? నేలవేము చేదుకి రెండో గుక్క దిగదు కాబట్టి ఎక్కువ తాగే ప్రమాదం తక్కువ. నేల ఉసిరిని మజ్జిగలో కలిపి నెలల తరబడి తాగేస్తారు, నాకు దాంతోనే భయం.

ఒకటి చెప్పమంటే, కిడ్నీలు బాగున్నవాళ్లకి, నాలుగైదు రోజులకైతే, డాక్టర్‌కి చెప్పి నేల ఉసిరే అంటాను. కనీసం మనుషుల మీద చూశారు. గర్భిణులకి నేలవేము అసలే వద్దు. రక్తంలో క్రియాటినిన్ పెరిగినవాళ్లకి, అంటే కిడ్నీలు సరిగా పనిచెయ్యనివాళ్లకి, రెండూ వద్దు.

కంచిలి అంటే ఉద్దానం, కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ప్రాంతం. క్రియాటినిన్ అంటే ఏమిటో వదినకి నేను చెప్పక్కర్లేదు. వాళ్ల వీధిలో అది బీపీ, షుగర్ లాంటి మాటే. "అయితే ముందు రక్తం ఇప్పిస్తాను" అంది. కాసేపాగి, "కట్ట కొనేశాను మరి" అంది. రెండు రోజుల తర్వాత వెళ్తే అది గుమ్మం పక్కన మేకుకి వేలాడుతూ ఎండిపోయి ఉంది.