‘షేవ్ రెడీ’ అని అమ్మిన మంగలి కత్తి: కొన్నేళ్లు వాడాక

జర్మనీలోని సోలింగెన్‌లో చేసిన కార్బన్ స్టీల్ కత్తి. మిగతా వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి. నా కడుపుమంటంతా పెట్టె మీద అంటించిన ‘షేవ్ రెడీ’ అన్న రెండు ముక్కల మీదే, అంటే సాన పట్టే పని లేకుండా కొన్నది కొన్నట్టే గీసుకోవచ్చని.

కత్తిని చర్మానికి 30 డిగ్రీల వాలులో పట్టాలి, నొక్కకూడదు, రెండో చేత్తో చర్మాన్ని బిగలాగాలి. ఇవన్నీ బుద్ధిగా పాటించాను. అయినా చెంప మీద వెంట్రుక తెగదు, పీకుతుంది. వాలు పెంచితే గీరుకుపోవడం, తగ్గిస్తే ఊరికే జారిపోవడం. ఫోన్ చేస్తే అమ్మినాయన ‘చెయ్యి తిరగాలి సార్, టెన్షన్ పడకండి’ అనేవాడు. నెలల తరబడి ఆ మాట నమ్మి, మంటకి పటిక రాసుకుని ఆఫీసుకి పోయాను.

చెన్నై కోడంబాక్కంలో నేను క్షవరం చేయించుకునే షాపులో నెల్లూరు వైపు పెద్దాయన ఒకరున్నారు. ఇప్పుడు ఆయనా సగం బ్లేడు పెట్టే కత్తే వాడతారు గానీ, వయసులో ఉండగా సాన పట్టిన మనిషి. నా కత్తి తీసుకుని ముంజేతి వెంట్రుకల మీద ఆనీ ఆనకుండా నడిపారు. ఒక్కటీ తెగలేదు. తర్వాత అంచును ట్యూబ్‌లైటు వైపు తిప్పారు. కొస దగ్గర సన్నగా తెల్లటి గీత మెరిసింది.

“పదునైన వాదర మీద వెలుతురు నిలవదు బాబూ. మీ చేతిని తిట్టుకోకండి. దీనికి సాన సగంలోనే ఆపేశారు.”

వెన్నూ అంచూ రెండూ రాయికి ఆనేలా పడుకోబెట్టి 1000 గ్రిట్ గరుకు రాయి నుంచి 8000 గ్రిట్ నున్నటి రాయి దాకా ఆయన దగ్గరుండి పట్టించారు. పెరియమేట్‌లో కొన్న తోలు పట్టీ మీద వెన్ను ముందు, అంచు వెనక నడపడం కూడా ఆయన నేర్పిందే. ఆ తర్వాతి షేవ్‌లో కత్తి సన్నగా పాడుతూ దిగింది. వెన్నును చర్మానికి ఆనించి, దాని మందమంత పైకి లేపితే చాలు, వాలు దానంతటదే కుదిరింది. అప్పటిదాకా నేను వెతికిన వాలు మొద్దు కత్తికి అసలు లేనే లేదు!

పదునొస్తే అన్నీ కుదిరిపోతాయని కాదు. చెంపలు హాయిగా అవుతాయి, గదుమ మాత్రం ఇప్పటికీ పేచీయే. అక్కడ ఎముక మలుపు తిరుగుతుంది, బిగలాగిన చర్మం నురగ వల్ల వేలి కింద నిలవదు. చెవి ముందు భాగానికి కత్తి ఎడమ చేతికి మార్చమంటారు, నేను మార్చను.

కార్బన్ స్టీల్‌కి సాటి లేదని స్నేహితులకి చెప్పి తిరిగిన వాణ్ణే. పదును విషయంలో ఇప్పటికీ అదే మాట. కానీ మా బోరు నీళ్లు ఉప్పన, నవంబరు వానల్లో గాలంతా చెమ్మ. తుడిచి నూనె రాసి దాచినా పిడి దగ్గర గోధుమ చుక్కలు లేచాయి. మళ్లీ కొంటే బహుశా స్టెయిన్‌లెస్ వైపే చూస్తాను.

శని, ఆదివారాల్లో తీరిగ్గా కూర్చునే నాలాంటి వాడికి సరే. పొద్దున్నే ఎలక్ట్రిక్ ట్రైన్ పట్టుకునేవాళ్లకి చెప్పలేను. సోమవారం నేనూ సేఫ్టీ రేజరే తీస్తాను.