బ్లూ సెవెన్‌ని రెండేళ్లు వినకుండా దాటేశాను

జాజ్ శాక్సఫోన్ కళాకారుడు సోనీ రోలిన్స్ ఆల్బమ్ 'శాక్సఫోన్ కొలోసస్' ఎనిమిదేళ్లుగా వింటున్నాను. అందులో మొదటి రెండేళ్లూ ఆఖరి ట్రాక్ 'బ్లూ సెవెన్' నా చెవిన పడలేదు. ఆ ఫైలు పాడైపోయిందనుకున్నాను.

అప్పట్లో సాయంత్రం వంట చేసుకుంటూ, గట్టు మీద ఉప్పు డబ్బాకి ఫోన్ ఆనించి పెట్టి వినేదాన్ని. నాలుగో ట్రాక్ 'మోరిటాట్' అయిపోతుంది, ఐదో ట్రాక్ మొదలైనట్టు స్క్రీన్ మీద కనిపిస్తుంది, చప్పుడు మాత్రం ఉండదు. కాసేపు చూసి, తడి చేత్తోనే వేరేదేదో పెట్టేసేదాన్ని.

తర్వాత ఒకసారి అటక సర్దుతుంటే మా మామగారి పాత స్పీకర్లు దొరికాయి. కోన్ చుట్టూ ఉండే ఫోమ్ వేలు తగలగానే పొడిపొడిగా రాలిపోయింది. రిపేరు షాపులో కొత్త ఫోమ్ అతికించి ఇచ్చారు. ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక సౌండ్ బాగా తగ్గించి ఆల్బమ్ మొదటి నుంచీ పెట్టాను. 'మోరిటాట్' అయింది. ఆపేద్దామని లేచాను. అంతలో డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగ వాద్యం) ఒక్కటే, తీరిగ్గా అడుగులేస్తున్నట్టు మొదలైంది. చెయ్యి చాపినదాన్ని అలాగే నిలబడిపోయాను. డగ్ వాట్కిన్స్ అంత కింది స్వరాల్లో వాయిస్తున్నది ఫోన్‌లోని చిన్న స్పీకర్ పలకలేకపోయింది. రెండేళ్లపాటు నేను నిశ్శబ్దం అనుకున్నది ఇదన్నమాట!

దాని మీదికి రోలిన్స్ వస్తాడు. పెద్ద ట్యూన్ ఏమీ ఉండదు, చిన్న ముక్క. పదకొండు నిమిషాల పాటలో దాన్నే విరిచి, తిప్పి, కాసేపు వదిలేసి మళ్లీ తెస్తాడు. సంగీతకారుడు, విమర్శకుడు గుంథర్ షుల్లర్ 1958లో ఈ ఒక్క ట్రాక్ మీద పెద్ద వ్యాసమే రాశాడు. నన్ను పట్టుకున్నది మాత్రం మ్యాక్స్ రోచ్ డ్రమ్స్. డ్రమ్ సోలో అంటే నాకు ఓపిక తక్కువ. కచేరీలో మృదంగం తని మొదలవగానే బయటికి వెళ్లే జనంలో నేనూ ఉన్నాను. ఇక్కడ రోచ్ వేగం చూపించడు. మూడేసి దెబ్బల చిన్న గుత్తి ఒకటి, స్నేర్ డ్రమ్ మీద ఆగకుండా మోగే ఒక రోల్, ప్రధానంగా ఈ రెండే. మధ్యలో ఖాళీ వదులుతాడు. ఆ ఖాళీలో తర్వాతి దెబ్బ ఎక్కడ పడుతుందా అని ఎదురు చూస్తూ కూర్చుంటాను, ఇప్పటికీ.

ఈ ఆల్బమ్ 1956 జూన్ 22న అమెరికాలో న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్‌లో, రికార్డింగ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ వాళ్ల అమ్మానాన్నల ఇంటి ముందు గదిలో రికార్డయింది. రోలిన్స్‌కి అప్పటికి పాతికేళ్లు. నాలుగు రోజులకే, రోలిన్స్, రోచ్ ఇద్దరూ వాయించే బ్యాండ్‌లోని ట్రంపెట్ కళాకారుడు క్లిఫర్డ్ బ్రౌన్, పియానిస్ట్ రిచీ పావెల్ కారు ప్రమాదంలో పోయారు. అది తెలిశాక ఇందులో రోలిన్స్, రోచ్ వాయిస్తుంటే వింటూ మనసు ఎటో పోతుంది.

ఒకప్పుడు అడిగినవాళ్లందరికీ మొదటి ట్రాక్ 'సెయింట్ థామస్' వినమని చెప్పేదాన్ని. కరీబియన్ దీవుల కాలిప్సో దరువు, రోలిన్స్ రెండే రెండు స్వరాలతో సోలో మొదలుపెట్టే తీరు, డ్రమ్స్ తర్వాత లయ స్వింగ్ అనే జాజ్ ఊపులోకి మారే చోటు, అన్నీ బాగుంటాయి. కానీ అది విని ఆల్బమంతా అంత హుషారుగా ఉంటుందనుకున్నవాళ్లు రెండో ట్రాక్‌లోనే నీరసపడి ఆపేశారు. నేనూ ఈమధ్య కొన్ని రోజులు దాన్ని దాటేస్తున్నాను. 'మోరిటాట్' కూడా ఒకప్పుడు అనిపించినంత బిగువుగా అనిపించడం లేదు. టామీ ఫ్లానగన్ పియానో వచ్చేదాకా ఆగుతానంతే. మూడో ట్రాక్ 'స్ట్రోడ్ రోడ్' మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది. అందులో పియానో, డ్రమ్స్ ఆగిపోయి బేస్, శాక్సఫోన్ ఇద్దరే మిగిలే చోటు మరీ ఇష్టం.

నాకు రాత్రి పదిన్నర తర్వాత నలభై నిమిషాలు ఎవరూ పిలవరు. ఈ ఆల్బమ్ సరిగ్గా అంతే ఉంటుంది. ఆ వీలు లేనివాళ్లకి, గొంతు లేని పాట ఎక్కనివాళ్లకి ఇది ఇంత నచ్చుతుందని చెప్పలేను. వినాలనుకుంటే కనీసం ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. 'మోరిటాట్' అయ్యాక ఏమీ వినపడకపోతే ఆపేయకండి, బేస్ మొదలయ్యే ఉంటుంది.